ఆరో గని నీళ్ల మీద

భరణి కార్తె, సోమవారం

తెల్లారకముందే నీళ్ల ట్యాంకరు వచ్చింది. డ్రైవరు లేని బండి కాబట్టి బతిమాలడానికి మనిషి ఉండడు. గుట్ట కింద ఆగి, తన లెక్క ప్రకారం నీళ్లు వదిలి, ఎవరి బిందె నిండినా నిండకపోయినా వెళ్లిపోతుంది. నేను రెండు బిందెలు ఇంట్లో దించి, పాపను ఎత్తుకుని ల్యాంపు రూముకు పరుగెత్తాను. ఈ రోజు నుంచి నాకు పని నేర్పుతారు.

శిక్షణలో చేరినవాళ్లు ఏం జరిగిందో తమ మాటల్లో రాసి పంపాలని శిక్షణ కేంద్రంవాళ్లు అడిగారు. అందుకే రాస్తున్నాను. నా పేరు మమత. మాది మట్టిగుట్ట కాలనీ. ఆరో గనిని తవ్వినప్పుడు బొగ్గు మీది మట్టినంతా తెచ్చి పోస్తే ఏర్పడిన గుట్ట ఇది. బొగ్గు తవ్వకం ఆగిపోయాక కూలీలు ఎటూ పోలేక దీని మీదే రేకుల ఇళ్లు వేసుకున్నారు. మా తలల మీదుగా నగరానికి పెద్ద కరెంటు తీగలు పోతాయి. పట్టా లేని ఇళ్లు కాబట్టి మాకు మాత్రం లైను ఇవ్వరు.

కాలనీలో కరెంటు ఉండేది ఒక్క ల్యాంపు రూములోనే. గని ఇంకా భూగర్భ బావిగా ఉన్న కాలంలో కార్మికులకు టోపీ దీపాలు ఇచ్చిన రాతి గది అది. ఇప్పుడు మా చల్లగది. పొద్దున ఎండ సైరన్ మోగగానే పసిపిల్లలూ బాలింతలూ ముసలివాళ్లూ అందులోకి వెళ్తారు. సాయంత్రం మళ్లీ సైరన్ మోగేదాకా బయటికి రారు. నగరం నుంచి వచ్చే బ్యాటరీ బండి మీద ఏసీ నడుస్తుంది. రోహిణి కార్తె మొదలైతే ఆ బండి రాదని ఈసారి ముందే చెప్పేశారు. ఆసుపత్రులకే చాలడం లేదట. ప్యానెళ్లు, బ్యాటరీలు, పనిముట్లు సౌరశాఖ ఇస్తుంది. బిగించి నడుపుకోవడం మేమే నేర్చుకోవాలి. నేర్చుకున్నవాళ్లకు లైసెన్సు, దానితోపాటు ఉద్యోగం.

శిక్షణ బండితో వచ్చిన మేడమ్ పేరు నస్రీన్. వరసలో మొదట నిలబడింది ఓదెమ్మ పెద్దమ్మ. అరవై దాటిన మనిషి.

"మేడమ్, నేను బడి మెట్లు ఎక్కలే. నన్ను తీసుకుంటరా?" అని అడిగింది.

"బొగ్గు ఏరారా అమ్మా మీరు?"

"ఇరవై ఏండ్లు ఏరిన."

"ఎండలో, బరువు మోస్తూ, జారే మట్టి మీద. ఇందులో సగం పని మీకు వచ్చినట్టే. మిగతాది నేను చెప్తా. పరీక్ష కూడా నోటితోనే, తెలుగులోనే."

పెద్దమ్మ వెనక్కి తిరిగి మావైపు చూసింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వరసలో చేరారు.

భరణి కార్తె, శనివారం

పిల్లలను చల్లగదిలో పడుకోబెట్టి పక్క వరండాలోనే నేర్చుకుంటున్నాం. పాప ఏడిస్తే వెళ్లి పాలిచ్చి వస్తాను. మేడమ్ ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. నేను తిరిగొచ్చేదాకా ఆగి, ఆపిన చోటినుంచే మొదలుపెడుతుంది.

ప్యానెల్‌కు తీగ తగిలించకపోయినా ఎండ పడితే అందులో కరెంటు ఉంటుందని ఇవాళ చెప్పింది. అందుకే గుడ్డ కప్పకుండా ముట్టుకోకూడదు. మాకు అంత తొందరగా ఎక్కలేదు. ఓదెమ్మ పెద్దమ్మ అందుకుంది.

"ఎండున్నంతసేపు ఇది చేపిన బర్రె లెక్కనే. నువ్వు గిన్నె పెట్టినా పెట్టకున్నా పొదుగు నిండే ఉంటది. గుడ్డ కప్పినమనుకో, బర్రె పండుకున్నట్టు."

అందరూ నవ్వారు, మేడమ్ కూడా. "ఇకనుంచి నేను కూడా అట్లాగే చెప్తా" అంది. నేను ఇంటికి వెళ్లేటప్పుడు, నాకు కూడా ఒకరోజు ఇలా చెప్పడం వస్తే బాగుండుననుకున్నాను.

కృత్తిక కార్తె, మంగళవారం

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. బిగించడం వచ్చింది, బిగించడానికి చోటు లేదు. రేకుల కప్పులు ఆ బరువు మోయవు, ల్యాంపు రూము కప్పు అన్ని ప్యానెళ్లకు చాలదు. గుట్ట చుట్టూ ఉన్న నేలకు నగరంలో ఎవరో యజమానులున్నారు. మేడమ్ గుట్ట చివరికి నడిచి కిందికి చూసింది. కింద ఆరో గని గుంత. మెట్లు మెట్లుగా దిగిపోయిన బండల మధ్య పచ్చగా, కదలకుండా నీళ్లు.

"నీటికి పట్టా అక్కర్లేదు. తెప్పలు కట్టి వాటిమీద ప్యానెళ్లు పరిస్తే సరిపోతుంది. నీటి చల్లదనానికి కరెంటు కూడా ఎక్కువొస్తుంది" అంది.

మేమంతా అంచు నుంచి వెనక్కి జరిగాం. మేడమ్‌కు ఆ గుంత సంగతి తెలియదు. గని మూతపడింది ఆ గుంత ఒడ్డు కూలినందుకే. తొమ్మండుగురు కింద ఉండిపోయారు. వెతికి వెతికి వదిలేశారు, ఆ తర్వాత నీళ్లు ఊరాయి. వాళ్లలో ఓదెమ్మ పెద్దమ్మ భర్త పోశాలు ఉన్నాడు. చల్లగది తలుపు దగ్గర కాపలా ఉండే రాజలింగు మామ తమ్ముడు కనకయ్య ఉన్నాడు. అప్పటి నుంచి మట్టిగుట్టలో ఎవరూ ఆ నీళ్లు ముట్టరు. పిల్లలు రాయి కూడా విసరరు.

చివరికి పెద్దమ్మే చెప్పింది. "మేడమ్, నువ్వు ఏడ ఎక్కమంటె ఆడ ఎక్కుత. గా నీళ్ల మీదికి మాత్రం రాను. మావోడు పండుకున్న జాగ అది."

మేడమ్ తల వంచుకుంది. "తెలియక అన్నానమ్మా. ఆ మాట ఇక ఎత్తను" అంది. నిజంగానే ఎత్తలేదు. గుట్టకు తూర్పువైపున్న మట్టి గట్టు మీద ఫ్రేములు నిలబెడదామని కొలతలు తీయడం మొదలుపెట్టింది.

కృత్తిక కార్తె, ఆదివారం

గట్టు మీద మొదటి వరస నిలబెట్టాం. వారమంతా సైరన్‌కు ముందు, సైరన్ తర్వాత అదే పని. కాళ్లకు గుంతలు తీసి, కాంక్రీటు పోసి, బోల్టులు బిగించాం. మీటరు ముల్లు మొదటిసారి కదిలినప్పుడు పెద్దమ్మ నా భుజం గట్టిగా నొక్కింది. ఆ నొప్పి ఇంకా పోలేదు.

కృత్తిక కార్తె, శుక్రవారం

గట్టు జారింది. గాలీ లేదు, వానా లేదు. పోసిన మట్టి కదా, బరువు పెడితే లోపల్లోపల కుంగిందట. పొద్దున వెళ్లేసరికి వరసంతా పక్కకు ఒరిగి, సగం ప్యానెళ్లు పగిలి ఉన్నాయి. మేడమ్ పగిలిన గాజు మధ్య కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నేల సరిగ్గా చూడాల్సింది నేను. మీ కష్టమంతా పోయింది."

పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టి లేపింది. "లే బిడ్డా. గాజు గుచ్చుకుంటది. పనికొచ్చేటియి ఏరుదాం పా. ఏరుడు మాకు కొత్తనా?"

సైరన్ మోగేదాకా ఏరాం. సగానికి పైగా పనికొచ్చాయి. కానీ వాటిని పెట్టే చోటు ఇప్పుడు ఎక్కడా లేదు.

రోహిణి కార్తె, బుధవారం

బ్యాటరీ బండి రాలేదు. పాతదాంట్లో మిగిలినదాన్ని పొదుపుగా వాడుతున్నాం. ఎండ ప్రమాదాన్ని చూపే చేతి పట్టీలన్నీ పొద్దుటినుంచే ఎర్రగా వెలుగుతున్నాయి. నడిమధ్యాహ్నం ఏసీ చప్పుడు మారింది. గది నిండా మనుషులు. గాలి చల్లగా వస్తున్నా ఊపిరి వేడిగానే ఉంది. నా పాప ఒళ్లు కాలుతోంది. తడిగుడ్డ వేస్తే చూస్తుండగానే ఆరిపోతోంది.

తలుపు దగ్గరున్న రాజలింగు మామ ఎప్పుడు బయటికి వెళ్లాడో నేను గమనించలేదు. పెద్దమ్మ గమనించింది.

"లింగన్న ఏడి?"

గోడ వెనక, జానెడు నీడలో ముడుచుకుని పడి ఉన్నాడు. ఇద్దరం ఈడ్చుకొచ్చాం. మొహం మీద నీళ్లు చల్లితే కళ్లు తెరిచాడు.

"ఎందుకు పోయినవే అన్నా? పానం తీసుకుందామనా?" అని పెద్దమ్మ అరిచింది.

"నా ఒల్లు సుత వేడే గద చెల్లే" అన్నాడు, మాట కూడబలుక్కుంటూ. "ఒక్కడు తగ్గితె పోరగాండ్లకు గంత సల్లదనం."

పెద్దమ్మ అతని తల తన ఒళ్లో పెట్టుకుని కొంగుతో విసురుతూ కూర్చుంది. నస్రీన్ మేడమ్ బయటికి వెళ్లి తన శిక్షణ బండి బ్యాటరీ ఊడదీసి తెచ్చింది. అది లేకపోతే ఆ బండి కదలదు. ఆమె ఇంటికి వెళ్లే దారి కూడా మూసుకుపోయింది. అది చెప్పకుండానే తీగలు కలిపింది. సాయంత్రానికి పాప ఒళ్లు చల్లబడింది.

సైరన్ మోగాక అందరూ ఇళ్లకు పోతుంటే పెద్దమ్మ ఒక్కతే గని గుంత వైపు నడిచింది. నేను వెనకే వెళ్లబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

రోహిణి కార్తె, గురువారం

తెల్లవారగానే పెద్దమ్మ మేడమ్ ఎదుట నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గొంతు మాత్రం స్థిరంగా ఉంది.

"నీళ్ల మీద కడదాం. నాదొక్కటే మాట. కిందికి ఏదీ దించద్దు."

తెప్ప కొట్టుకుపోకుండా ఉండాలంటే మామూలుగా కాంక్రీటు దిమ్మెలను తాళ్లకు కట్టి నీటి అడుగుకు దించుతారు. మేడమ్ చాలాసేపు ఆలోచించింది. ఒడ్డున బండల మెట్ల మీద గనివాళ్లు వదిలేసిన ఇనుప గుంజలున్నాయి. నాలుగు దిక్కుల నుంచీ వాటికి తాళ్లు కడితే తెప్ప మధ్యలో నిలబడుతుందని లెక్క వేసింది.

"కానీ అమ్మా, నీళ్లు పెరిగినప్పుడు, తగ్గినప్పుడు తాళ్లు సరిచేయాలి. రోజూ ఎవరో ఒకరు చూడాలి. నగరపు ప్లాంట్లలో ఈ పని ఉండదు. అక్కడ మనుషులే ఉండరు, అన్నీ యంత్రాలే."

"మా తాన మనుషులకు కరువా? రోజు చూస్తం. రాసుకో, గది సుత ఒక ఉద్యోగమని."

మేడమ్ నవ్వుతూ రాసుకుంది. నాలుగు దిక్కులకు నాలుగు ఉద్యోగాలు అలా పుట్టాయి.

మంచంలోనే ఉన్న రాజలింగు మామకు ఈ మాట తెలిసింది. చూడటానికి వెళ్లిన పెద్దమ్మతో మొహం తిప్పుకునే మాట్లాడాడు. "నా తమ్ముని మీద ఎక్కి తొక్కుతరా? నన్ను ఎండల్నే వదిలేస్తె అయిపోవు."

పెద్దమ్మ వాదించలేదు. జావ గ్లాసు అతని పక్కన పెట్టి వచ్చేసింది. దారిలో నాతో, "కోపం చెయ్యనియ్. మనసు నొచ్చినోడు" అని మాత్రం అంది.

రోహిణి కార్తె, సోమవారం

ఇవాళ మొదటి తెప్ప నీళ్లలోకి దిగింది. ముందు ఎవరు ఎక్కాలని మేడమ్ అడగలేదు. అందరం ఓదెమ్మ పెద్దమ్మవైపు చూశాం. తేలే జాకెట్టు వేసుకుని, చీర పైకి దోపి, తెప్ప మీద కాలు పెట్టింది. తెప్ప ఊగింది. ఆమె పడిపోకుండా మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపు అలాగే ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఏం మాట్లాడిందో మాకు వినిపించలేదు, వినాలని ఎవరూ ప్రయత్నించలేదు.

తర్వాత లేచి, "ఏం చూస్తున్నరే? స్పానర్ ఇయ్యుండ్రి" అని కేకేసింది.

ఆ మనిషి పని చేస్తుంటే చూడాలి. గుడ్డ కప్పడం మరిచిపోదు. బోల్టు బిగించాక ఒకసారి చెయ్యి ఆనించి చూసి కానీ కదలదు. పక్కనున్న పిల్లకు ఓపికగా రెండోసారి చెప్తుంది, మూడోసారి కూడా చెప్తుంది. చెప్పేటప్పుడు గొంతు పెంచదు. బతుకంతా ఒకరి కేకలు విన్న మనిషి ఇలా ఎలా మాట్లాడగలుగుతుందో నాకు తెలియదు.

రోహిణి కార్తె, శనివారం

ల్యాంపు రూములో స్విచ్ నేను వేశాను. వద్దన్నా వినకుండా పెద్దమ్మ నా చేతే వేయించింది. "నీ బిడ్డ ఉన్నది లోపల. నువ్వే ఎయ్యి" అంది. ఏసీ మొదలైంది. నడిమధ్యాహ్నం కూడా చప్పుడు మారలేదు. ఎండ ఎంత పెరిగితే అంత బలంగా నడిచింది. ఇన్నేళ్లు ఎండకు భయపడి దాక్కున్నవాళ్లం, ఇవాళ అది మాకోసం పనిచేస్తుంటే నమ్మలేక ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మేడమ్ బండి బ్యాటరీ తిరిగి ఆమెకిచ్చాం. ఆమె మాత్రం పరీక్షలయ్యేదాకా ఇక్కడే ఉంటానంది.

రాజలింగు మామ చల్లగదిలోకి రాలేదు. తన ఇంటి ముందు తడి గోనెపట్టా కట్టుకుని దాని వెనకే కూర్చున్నాడు.

రోహిణి కార్తె, మంగళవారం

సాయంత్రం గాలిదుమారం. ఆకాశం ఒక్కసారిగా ఎర్రమట్టి రంగుకు తిరిగింది. తెప్ప పైకీ కిందికీ లేస్తోంది. పడమటి గుంజ చుట్టూ మట్టి వదులై, మేం చూస్తుండగానే గుంజ పెకలించుకుని వచ్చింది. తాడు వదులైన తెప్ప తూర్పుకు తిరగసాగింది. తెప్ప నుంచి ఒడ్డుకు కరెంటు తెచ్చే కేబుల్ బిగుసుకుంటోంది. అది తెగి నీళ్లలో పడితే తెప్ప మీదున్నవాళ్ల గతేమిటో అందరికీ తెలుసు. తెప్ప మీద ఓదెమ్మ పెద్దమ్మ ఉంది, ఊడిపోతున్న ప్యానెల్‌ను పట్టుకుని.

మేడమ్ నేర్పినది నేర్పినట్టే చేశాను. ముందు ఒడ్డు మీది పెట్టెలో లైను కట్ చేశాను. తర్వాత తాడు దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే మేడమ్, ఇంకో నలుగురు ఆడవాళ్లు తాడు పట్టుకుని జారుతున్నారు. అరచేతుల తోలు ఊడుతోంది. నేను చివర పట్టుకున్నాను. చాలలేదు. అడుగు అడుగుగా నీటి వైపే పోతున్నాం.

"గట్ల లాగితె ఆగదే! బండకు మెలెయ్యుండ్రి!"

రాజలింగు మామ. ఇంకా కోలుకోని మనిషి, తూలుతూ మెట్లు దిగి వచ్చాడు. తాడు కొసను నా చేతుల్లోంచి లాక్కుని నిలువెత్తు బండ చుట్టూ తిప్పాడు. మళ్లీ తిప్పాడు. తాడు బండను కరిచి పట్టుకుంది. మేం వెనక్కి పడ్డాం. తెప్ప ఒక్క కుదుపుతో ఆగింది.

"ఓదెమ్మా! పండుకో! తెప్పకు ఆనుకొని పండుకో!" అని గాలి మీద అరిచాడు.

దుమారం పోయేదాకా అతను ఆ బండను వదల్లేదు. పెద్దమ్మ ఒడ్డుకు వచ్చినప్పుడు ఒళ్లంతా మట్టి, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"వచ్చినవా అన్నా?" అంది.

"నువ్వు సుత కిందికి పోతె వాళ్లకు ఏం చెప్పుకోను?" అన్నాడు మామ. అక్కడే కూలబడి ఏడ్చాడు. పెద్దమ్మ పక్కనే కూర్చుంది. మేడమ్ మా అరచేతులకు మందు రాస్తూ తను కూడా కళ్లు తుడుచుకుంది.

మృగశిర కార్తె, ఆదివారం

నోటి పరీక్ష అయింది. మా జట్టంతా నెగ్గింది. నగరం నుంచి వచ్చిన పరీక్షాధికారి తాళ్ల ఏర్పాటును చూసి, ఒడ్డంతా తిరిగి వివరాలు అడిగి తెలుసుకున్నాడు. ఇలాంటి గని గుంతల పక్కన బతికే కాలనీలు ఇంకా ఉన్నాయట. వాటిలో ఒకదానికి నేర్పడానికి ఓదెమ్మ పెద్దమ్మను పంపాలని నస్రీన్ మేడమ్ అడిగింది. వాళ్లు సరేనన్నారు.

పెద్దమ్మ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. సాయంత్రం ల్యాంపు రూము వరండాలో అందరి ముందే చెప్పింది. "ఇన్నేండ్లు ఆయన దగ్గరికి పోలేకపోయిన. ఇప్పుడిప్పుడే పొద్దున్నే పోయి నాలుగు ముచ్చట్లు చెప్పొస్తున్న. ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె?"

మేడమ్ బలవంతపెట్టలేదు. రాజలింగు మామ తలుపు దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"నువ్వు పో చెల్లే. ఆడ సుత పోరగాండ్లు ఉడుకుతుంటరు. మనోళ్లిద్దరు ఒక్కతాన్నే ఉన్నరు గద, నేను చూసుకుంట. ముచ్చట్లు సుత చెప్త."

పెద్దమ్మ అతని మొహంలోకి చూసింది. "పోశాలుకు జర గట్టిగ చెప్పాలె. చెవుడు" అంది. మొదట మామ నవ్వాడు, ఆ తర్వాత మేమందరం.

మృగశిర కార్తె, గురువారం

పెద్దమ్మ వెళ్లింది. శిక్షణ బండిలో ముందు సీటులో, మేడమ్ పక్కన, కొత్త జాకెట్టు వేసుకుని కూర్చుంది. గుట్ట దిగేదాకా తల బయటపెట్టి ప్యానెళ్లు కడగడం ఎలాగో నాకు చెప్తూనే ఉంది. చినుకులు మొదలయ్యాయి. తెప్ప బాధ్యత ఇప్పుడు నాది. పడమటి తాడు పనికి రాజలింగు మామ కొత్త జట్టులో పేరు ఇచ్చాడు.

బండి కనుమరుగయ్యాక ఇద్దరం నీటి ఒడ్డుకు వెళ్లాం. మామ ఇంతవరకు తెప్ప ఎక్కలేదు. ఒడ్డునే చెప్పులు విడిచాడు. వంగి దోసెడు నీళ్లు తీసి తల మీద చల్లుకున్నాడు. నేను రబ్బరు బూట్లు ముందు పెట్టాను. వాటిలో కాళ్లు దూర్చి, నా భుజం పట్టుకుని మెల్లగా తెప్ప మీదికి అడుగు వేశాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు, "ముందుగాల ఏం చూడాలె?"